మైలుతుత్తం కాదు

"ఇదిగోనండీ, మీరు వెతికిన హంతకుడు," అంటూ బందరు ఆసుపత్రి ల్యాబులో డాక్టర్ సువర్ణ మూత పెట్టిన చిన్న గాజు పళ్ళాన్ని కిటికీ వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంది.

డిటెక్టివ్ సుచిత్ర ముందుకు వంగి చూసింది. పళ్ళెం నిండా జున్నులా గడ్డకట్టిన ఎర్రటి పదార్థం. గొర్రె రక్తం కలిపి పోశారట. దాని మీద అక్కడక్కడ బూడిదరంగు చుక్కలున్నాయి. ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు పూర్తిగా మాయమైపోయి, అవతల ఉన్న కిటికీ ఊచలు కనిపించేంత తేటగా ఒక వలయం ఏర్పడింది. దాని బయట మసకగా ఇంకో వలయం.

"మరి ఆ ఎరుపంతా ఏమైందండీ?"

"ఈ చుక్కల్లో ఉన్న బ్యాక్టీరియా ఒక విషం వదులుతుంది. ఎర్రకణం చుట్టూ కొవ్వుతో చేసిన పల్చటి పొర ఉంటుంది. ఆ విషం ఆ పొరని కోసేస్తుంది. కణం పగిలి, లోపలి ఎర్రరంగు బయటికి కారిపోతుంది. పళ్ళెంలో జరిగింది మీకు కనబడుతోంది. ఫిలిప్ ఒంట్లో కూడా ఇదే జరిగింది. అతని నుంచి తీసిన రక్తంలోంచి పెంచిందే ఇది."

సుచిత్ర పళ్ళెం మీంచి చూపు తిప్పుకుంది.

తిప్పుకోదూ మరి! ఫిలిప్‌ని చంపింది విషమేనని, అది మైలుతుత్తమేనని, పెట్టింది పెళ్ళామేనని ఊరూవాడా నమ్మించిన మనిషి ఆవిడే కదా. ఫిలిప్‌ది గుడివాడ, చేపల చెరువుల్లో వల లాగే పని. పోయిన నెలలో ఒక పొద్దున కళ్ళు పచ్చబడి, మూత్రం అల్లనేరేడు రసంలా పోస్తూ బందరు ఆసుపత్రికొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రాణం పోయింది. వాళ్ళన్న బాబూరావు ఏడుస్తూ సుచిత్ర ఆఫీసు మెట్లెక్కాడు. "మా తమ్ముడికి ఎవరో ఏదో పెట్టేశారమ్మా, మీరే తేల్చాలి," అన్నాడు. సుచిత్ర ఒక్క పూటలో తేల్చేసింది. వంటింటి అలమరలో నీలం పలుకుల మైలుతుత్తం సీసా. పెరట్లో తొట్టి అడుగున నీలం మరక. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాం గట్టిగా అరుచుకున్నారని ఇరుగుపొరుగు సాక్ష్యం. మైలుతుత్తం కడుపులోకి వెళ్తే ఎర్రకణాలు పగులుతాయని ఎక్కడో చదివింది కూడా. ఇంకేం కావాలి? గుడివాడ ఇన్‌స్పెక్టర్ దుర్గాప్రసాద్ ఫిలిప్ భార్య జెస్సీని అరెస్టు చేశాడు. ప్రెస్‌మీట్ పెట్టి సుచిత్ర భుజాల మీద శాలువా కప్పాడు.

ఆ శాలువా కప్పుతుండగానే ఫోన్ మోగింది. చేసింది ఈ సువర్ణే. "మేడం, ఫిలిప్ రక్తంలో ఒకటి పెరిగింది, మీరొకసారి రండి," అంది. సుచిత్ర కెమెరాల వైపు నవ్వుతూనే, "కేసు అయిపోయిందండీ, థాంక్స్," అని పెట్టేసింది. ఇవాళ పొద్దున ఫోరెన్సిక్ వాళ్ళ కబురొచ్చింది. కడుపులో, కాలేయంలో ఎక్కడా మైలుతుత్తం జాడ లేదు. అప్పుడు గుర్తొచ్చింది సువర్ణ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"మీరు ఫోన్ చేసినప్పుడే నేను రావాల్సిందండీ," అంది సుచిత్ర నేల చూపులు చూస్తూ.

"ఇన్‌స్పెక్టర్ గారికీ చేశాను. బాటిల్లో ఏదో మురికి పడుంటుంది, మళ్ళీ కడుక్కోమన్నారు." సువర్ణ నవ్వలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. అదే ఇంకా పొడుచుకుంది సుచిత్రకి.

"ఈ పురుగు ఎక్కడ ఉంటుందండీ?"

"మట్టిలో ఉంటుంది. కోళ్ళ పేగుల్లో ఉంటుంది. మామూలుగా మన జోలికి రాదు. గాలంటే దానికి పడదు. లోతైన గాయంలో పడి, గాలి ఆడకుండా మూసుకుపోయిందా, ఇక దాని రాజ్యమే. కండని కుళ్ళబెడుతుంది, చర్మం కింద గ్యాసు పుట్టిస్తుంది. విషం రక్తంలోకి చేరితే గంటల్లో ఎర్రకణాలు పగిలిపోతాయి. ఊపిరి పీల్చినా ఆ గాలిని మోసుకెళ్ళే కణం ఉండదు. పగిలిన చెత్తంతా కిడ్నీల్లో అడ్డం పడుతుంది. మూత్రం అందుకే ఆ రంగు. గొంతునొప్పి తెచ్చే బ్యాక్టీరియాకి కూడా ఇలాంటి విషం ఉందిగానీ, ఇంత దారుణం ఉండదు."

"అంటే ఒంటి మీద గాయం ఉండాలి."

"ఉండే ఉంటుంది. పోస్ట్‌మార్టంలో కాలు ఉబ్బిందని రాశారు, శవం నిలవుండి ఉబ్బిందనుకున్నారు. విషమని మీరు ముందే తేల్చేశారు కదండీ, కాలు ఎవరు చూస్తారు?"

తలకొట్టేసినట్టయింది సుచిత్రకి. కారులో కూచుని, క్లయింటుకి ఎప్పటికప్పుడు కబురు చెప్పడం తన పద్ధతి కనక, బాబూరావుకి ఫోన్ చేసింది. పురుగు సంగతి, బురద సంగతి, గాలాడని గాయం సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. "తమ్ముడికి ఎక్కడైనా తెగిందా బాబూరావు గారూ?" అని అడిగింది.

"లేదమ్మా. నాకేం తెలీదు," అన్నాడు బాబూరావు. ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫోన్ చేయకుండా ఉంటే ఎంత బాగుండేదో! కానీ అప్పటికి ఆవిడకేం తెలుసు?

*

మర్నాడు సుచిత్ర జైలుకెళ్ళింది. ములాఖత్ గదిలో జెస్సీ కూచునుంది. ముప్పై ఏళ్ళ మనిషి నెల తిరక్కుండానే నలభై దాటినట్టు కనిపించింది. ఊచలకవతల నుంచి సుచిత్రని చూసి లేచి నిలబడింది. తనని జైల్లో పెట్టించిన మనిషికి లేచి నిలబడటమేమిటి! సుచిత్రకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వస్తూ దారి పొడుగునా ఒకటే అనుకుంది, ముందు క్షమించమని అడగాలి అని. తీరా ఎదురుగా కూచున్నాక డిటెక్టివ్ బుద్ధి ముందుకొచ్చింది.

"మైలుతుత్తం ఇంట్లో ఎందుకుంచావు జెస్సీ?"

"అప్పుడు కూడా అడిగారు కదండీ. చెప్పాను. మీరు రాసుకోలేదు." గొంతులో కోపం లేదు. "రోజంతా నీళ్ళల్లో ఉంటే కాలివేళ్ళ సందులు ఒరిసిపోతాయండీ. చెరువులో నాచు చావడానికి వేసే మైలుతుత్తం ఆయన చిటికెడు తెచ్చుకునేవారు. తొట్టిలో కలిపి కాళ్ళు పెట్టుకునేవారు. వల లాగే వాళ్ళందరిళ్ళల్లో ఉంటుందండీ."

నీలం మరక! తొట్టి చూసింది, మరక చూసింది. ఆ తొట్టిలో పెట్టిన పాదాలు మాత్రం చూడలేదు.

"ఆ సాయంత్రం గొడవ దేనికి?"

"ఆసుపత్రికి పదమని. కాలు బరువెక్కిపోయింది, నొప్పికి పళ్ళు కొరుకుతున్నారు. పైకి చూస్తే ఏమీ లేదు. వద్దంటే వద్దన్నారు. విసుగొచ్చి 'అయితే చావు, నాకేంటి' అన్నాను. అన్నానండీ, నిజమే." జెస్సీ కళ్ళు తుడుచుకోలేదు. "ఆ మాట అన్నందుకే దేవుడు నన్నిక్కడ కూచోబెట్టాడనుకున్నాను."

"కాలికి ఏమైంది?"

"పట్టుబడి రోజున, చెరువులో చేపలన్నీ పట్టేసే రోజున, మడమ కింద ఏదో నత్తగుల్ల కోసుకుందండీ. జిగురేసుకుని మళ్ళీ వల పట్టుకున్నారు."

"జిగురా?"

"చెప్పులతికిస్తారే, ఆ ట్యూబు. చర్మం రెండు వైపులా దగ్గరికి నొక్కి ఒక చుక్క వేస్తే ఇట్టే అతుక్కుపోతుంది. నీళ్ళు దిగవు. వలలో చేప పడ్డాక ఎవరూ గట్టెక్కకూడదు కదండీ, ఐసు లారీ ఆగదు."

బురద లోపల, మూత పైన. గాలి పడని పురుగుకి ఇంతకన్నా మంచి ఇల్లు ఎవరు కట్టివ్వగలరు?

"మడమ కింద అంటున్నావు. నడుంలోతు నీళ్ళల్లో నిలబడ్డ మనిషి తన మడమకి తానే జిగురేసుకోలేడు. ఎవరేశారు?"

జెస్సీ తలొంచుకుంది.

"ఇదెవరికీ ఎందుకు చెప్పలేదు? ఈ ఒక్క మాట చెప్పుంటే నువ్వు ఇక్కడ..."

"ఆయన వద్దన్నారండీ. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అన్న ఆఖరి మాట అది. ఇంకేం అడక్కండి, మీకు దణ్ణం పెడతాను."

టైమైపోయిందని జవాను పిలిచాడు. జెస్సీ వెళ్ళిపోయింది. క్షమించమనే మాట సుచిత్ర గొంతులోనే ఉండిపోయింది. సిగ్గు లేకపోతే సరి! మైకు ముందు నిమిషానికి వంద మాటలు దొర్లిన నోటికి ఆ ఒక్క మాట బరువైపోయింది.

*

ఫిలిప్ ఆఖరిసారి వల లాగిన చెరువు ముదినేపల్లి దగ్గర ఉంది. మర్నాడు పొద్దున సుచిత్ర వెళ్ళేసరికి గట్టు మీద ఒక ట్రాక్టరు కోళ్ళ పెంట దింపుతోంది. నీళ్ళల్లో కలిపితే చేపలకి మేత పుడుతుందని వేస్తారు. కోళ్ళ పేగుల్లో ఉండే పురుగు చెరువు బురదలోకి ఎలా వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

కాపలా గుడిసె పక్కన చెత్త కుప్పని కర్రతో కెలికింది. గుట్కా రేకులు, మందు సీసాలు, వాటి మధ్య నొక్కేసిన చిన్న జిగురు ట్యూబులు ఒకటి కాదు రెండు కాదు. ఒక్కోదాని మూతి మీద ఎండిన బురద వేలిముద్రలు.

"ఇవి ఎవరు తెస్తారు తాతా?" అని కాపలాదారు వెంకట్రామయ్యని అడిగింది.

"మేస్త్రీ గారేనమ్మా. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటాయి. ఎవడి చేతికీ ఇవ్వడు, వృథా చేస్తారని. ఎవడికి తెగినా కాలెత్తి చూపించాల్సిందే, ఆయనే నొక్కి ఒక చుక్క వేస్తాడు. పాతికేళ్ళ నుంచీ అదే వైద్యం."

"ఏ మేస్త్రీ?"

"ఇంకెవరు? ఫిలిప్ వాళ్ళన్న, బాబూరావు గారు."

సుచిత్ర కర్ర కింద పెట్టేసింది. గట్టు మీదే కూలబడింది. తన దగ్గరికొచ్చి, తమ్ముడికి ఎవరో ఏదో పెట్టేశారని ఏడ్చిన మనిషి!

"మొన్న సాయంత్రం కూడా వచ్చాడమ్మా, ఒక్కడే," అన్నాడు వెంకట్రామయ్య. "వల లాగే ముఠా అంతా దివిసీమ వెళ్ళిపోయింది, ఇక్కడేం పని మేస్త్రీ అన్నాను. పలకలేదు. చెరువులో దిగి అడుగు బురద తీసి కవర్లో కట్టుకుని వెళ్ళిపోయాడు."

మొన్న సాయంత్రం. అంటే తను ఫోన్ చేసిన రోజే. సాక్ష్యం మాయం చేయాలనుకున్న వాడు ఒక చెరువు బురదంతా ఎత్తుకుపోలేడు. పిడికెడు తీసుకెళ్ళాడంటే, ఆ పిడికెడుతో ఏదో పనుంది. జిగురు సంగతి ముఠాలో అందరికీ తెలుసు. వాళ్ళల్లో ఎవడు నోరు విప్పుతాడని భయం పట్టుకుందో! ఆ నోరు శాశ్వతంగా మూయించడానికా ఈ బురద!

అప్పుడే గట్టు మీదికి జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దుర్గాప్రసాద్ దిగాడు.

"చెరువు ఓనరు ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి చెత్త ఏరుకుంటోందని. మీరా డిటెక్టివ్ గారూ?"

"జెస్సీ చంపలేదండీ. ఎవరూ విషం పెట్టలేదు. చూడండి..." సుచిత్ర జిగురు ట్యూబు చూపించి, సువర్ణ చెప్పిందంతా చెప్పింది.

దుర్గాప్రసాద్ చివరిదాకా విన్నాడు. విని, చప్పట్లు కొట్టాడు. "భలే ఉందండీ. నెల క్రితం మైలుతుత్తం, ఇవాళ చెప్పుల జిగురు, రేపేమిటి? వంటింట్లో సీసా చూపించింది మీరు. తొట్టిలో మరక చూపించింది మీరు. టీవీలో నా పక్కన నిలబడి వేలెత్తి చెప్పింది మీరు. నేను కప్పిన శాలువా మడత కూడా విప్పి ఉండరు."

"అవును. నేనే. తప్పు నాదే."

"తప్పు మీదైతే ఇంట్లో కూచుని ఏడవండి. సోమవారం చార్జిషీటు వేస్తున్నాను. మైలుతుత్తం దొరకలేదంటారా? వాంతుల్లో పోయిందంటాను. పురుగు అంటారా? చచ్చాక పట్టిందంటాను. కాదని చెప్పే సాక్షి ఎవడున్నాడు?"

"జిగురేసిన మనిషున్నాడు. బాబూరావు."

"ఫిర్యాదు ఇచ్చిందే బాబూరావు. వాడు తన మెడకి తానే ఉరేసుకుంటాడా?" దుర్గాప్రసాద్ గొంతు తగ్గించాడు. "సుచిత్రగారూ, ఇందులో మీ పరువుంది, నా పరువుంది, డిపార్ట్‌మెంటు పరువుంది. అవతల ఉన్నది ఒక్క వల లాగేవాడి పెళ్ళాం."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ పిడికిళ్ళలో పెద్దది తనదేనని సుచిత్రకి తెలుసు. "మీ పరువు మీరు చూసుకోండి. నాది నెల క్రితమే పోయింది, ఇవాళ తెలిసింది అంతే," అని కారెక్కింది.

*

దివిసీమలో అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు మట్టిరోడ్డు పట్టేదాకా ఆవిడ తొక్కిన కాలు తియ్యలేదు. బాబూరావు ఫోన్ ఎత్తట్లేదు. మట్టిరోడ్డు చివర చెరువులో ముఠా వల లాగుతోంది. మేస్త్రీ ఏడని అడిగితే గుడిసె చూపించారు. "నిన్నట్నుంచీ దిగట్లేదండీ. జ్వరమంట. ఎవర్నీ లోపలికి రానివ్వట్లేదు."

తలుపు నెట్టింది. బాబూరావు నులకమంచం మీద గోడకి ఆనుకుని కూచున్నాడు. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. కుడికాలు మోకాలిదాకా దుంగలా ఉబ్బి, చర్మం కంచు రంగుకి తిరిగింది. మంచం కింద ప్లాస్టిక్ మగ్గులో మూత్రం. అల్లనేరేడు రసం.

ఆ బురద ఎవరి కోసమో అప్పుడర్థమైంది.

"బాబూరావు గారూ, ఏం చేశారండీ ఇది?"

"మీరే చెప్పారు కదమ్మా ఫోన్‌లో." మాట కూడదీసుకుంటున్నాడు. "బురద, గాలాడని గాయం. బ్లేడుతో వాడికి తెగినచోటే కోశాను. ఆ బురదే పెట్టాను. జిగురేశాను. నాకూ అలాగే అయిందనుకోండి, అప్పుడు మా జెస్సీ పెట్టింది కాదని తేలిపోతుంది. తేలుతుందా అమ్మా?"

తేలుతుందా అని అడుగుతున్నాడు! సుచిత్ర సువర్ణకి ఫోన్ కలిపింది. "జిగురు ఊడబెరకండి, ముందు గాలి తగలనివ్వండి," అంది సువర్ణ. "ఒక్క నిమిషం ఆగకండి. నేను ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయిస్తాను. ఎర్రకణాలు పగలడం మొదలైతే మన చేతుల్లో ఎక్కువ టైం ఉండదు."

సుచిత్ర మోకాళ్ళ మీద కూచుని ఆ మడమ పట్టుకుంది. వేళ్ళు నొక్కిన చోట చర్మం కింద అప్పడం నలిగినట్టు కరకరలాడింది. అద్దంలా మెరుస్తున్న జిగురు పొరని గోళ్ళతో లాగింది. నల్లటి నీళ్ళు, వాటితో బుడగలు, వాసన. బాబూరావు కేక పెట్టలేదు. పళ్ళు బిగించి పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.

"తల్లీ తండ్రీ పోతే నా భుజాల మీద పెరిగాడమ్మా వాడు," అన్నాడు కాసేపటికి. "లారీ వెళ్ళిపోతుందని నేనే కాలు పట్టి జిగురేశాను. మర్నాడు నొప్పంటే, ఆడదానిలా ఏడవకురా అన్నాను. వాడు పోయాక ఆ మాట ఎవరితో చెప్పను? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. విషమని మీరన్నారు. హమ్మయ్య అనిపించిందమ్మా. ఒక్క క్షణం. దేవుడు నన్ను క్షమించడు."

"ఇదంతా నోటితో చెప్తే సరిపోయేది కదా బాబూరావు గారూ! కాలు కోసుకోవాలా?"

బాబూరావు ఆవిడ కళ్ళల్లోకి చూశాడు. "నోరు రాలేదమ్మా."

జైలు ఊచల ముందు సుచిత్ర నోరు మాత్రం వచ్చిందా? ముఠాలో ఒకతన్ని పిలిచి ఇద్దరూ కలిసి బాబూరావుని కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. సాయం పట్టినతన్ని కూడా పక్కనే కూచోమని, చల్లపల్లి మీదుగా బందరు దారి పట్టింది. స్పీకర్ ఆన్ చేసి దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేసింది.

"మళ్ళీ ఏంటండీ?"

"బందరు ఆసుపత్రికి రండి. బాబూరావుని తీసుకొస్తున్నాను. ఫిలిప్‌కి ఏమైందో ఇతనికీ అదే అయింది. స్టేట్‌మెంట్ మీరే మీ చేత్తో రాసుకుందురుగాని. మేజిస్ట్రేటుని కూడా పిలిపించండి. రెండు స్టేట్‌మెంట్లు ఉంటాయి."

"రెండా? రెండోది ఎవరిది?"

"నాది. జెస్సీ మీద నేను చెప్పింది తప్పని, టీవీల వాళ్ళందరి ముందూ చెప్తాను. ఆ శాలువా కూడా తెచ్చిస్తాను."

సుచిత్ర అద్దంలోంచి వెనక్కి చూసింది. "విన్నారా బాబూరావు గారూ? ఇంకో అరగంట. జెస్సీ కోసం ఆ రెండు ముక్కలు మీరే చెప్పాలి. బాబూరావు గారూ?"

వెనక కూచున్నతను బాబూరావు చెంప తట్టాడు. మళ్ళీ తట్టాడు.

"మేడం, మేస్త్రీ గారు పలకట్లేదండీ."